అలాంటిదే గానీ అదే కాదు

మైదా ఇంకా చల్లారలేదట. హెడ్ వార్డర్ సత్యనారాయణ ఆ సంగతి చెప్పడానికే బయటికి వచ్చి, "జర కూసోండ్రి సార్, పది మొఖాలకు కాయితాలు అంటువెట్టాలె. ఉడుకుడుకుది వెడ్తె తోలు లేస్తది" అని, పెళ్ళింట్లో వంట ఆలస్యమైనందుకు నొచ్చుకునే మనిషిలా నొచ్చుకుని లోపలికి పోయాడు. జైలు గేటు పక్కన రేకుల షెడ్డులో, బల్ల మీద, వెంకట్రాజం సారు అప్పటికే కూర్చుని ఉన్నాడు గనక మళ్ళీ కూర్చునే పని లేక కాలు మీద కాలు మార్చాడు. దొంగ ఎడమ చెంప మీద పులిపిరి ఉందని ఫిర్యాదులో రాసింది ఆయనే. పట్టుబడినవాడి చెంప మీద నిజంగానే ఏదో ఉందట, పులిపిరో, మచ్చో, మానని పుండో. అది ఒక్కడికే ఉంటే చూసేవాడి కళ్ళు నేరుగా అక్కడికే పోతాయి గనక, పదిమంది చెంపల మీదా ఒకే కొలత కాగితం ముక్క అంటించి గుర్తింపు పరేడ్‌కు వరసలో నిలబెడతారు. అందులో తన సైకిల్ ఎత్తుకుపోయినవాణ్ణి సారు మేజిస్ట్రేటు ఎదుట ముట్టుకుని చూపించాలి. తొమ్మిది మంది ఉత్తపుణ్యానికి నిలబడేవాళ్ళు. పదోవాడు... పదోవాడి దగ్గర సారు ఆలోచన ఆగి పక్కదారి పట్టింది. ఒకే ఎత్తు, ఒకే ఒళ్ళు ఉన్న పదిమందిని ఆదివారం పూట ఎక్కణ్ణుంచి తెస్తారు? వాళ్ళను ఇంగ్లీషులో ఏమనాలి? సేమ్ అనడానికి వీల్లేదు, సేమ్ అంటే ఒక్కడే. ఐడెంటికల్ అంటే కన్నతల్లి కూడా పొరబడాలి. సిమిలర్ అనాలి. సిమిలర్ అంటే దూరం నుంచి చూస్తే ఒకటే అనిపించి, దగ్గరికి పోయాక ఏమీ అనుకోవద్దని చెప్పాల్సి వచ్చేది.

ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్న మనిషికి జైలు ముందు కూర్చున్నా ఇవే తోస్తాయి. ఇంట్లో ఆయనకు ఖాకీ అట్ట వేసిన రెండు వందల పేజీల నోటుబుక్కు ఉంది. ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే మాటల మధ్య ఉన్న తేడాలన్నీ అందులో రాస్తూ ఉంటాడు. అచ్చు వేయిస్తున్నానని కాలనీకంతా చెప్పి పదకొండేళ్ళయింది. పక్కింటి కిషన్ రావు, సహకార సంఘం ఆఫీసులో హెడ్ క్లర్కు, కనబడినప్పుడల్లా "సార్, బుక్కు ఎందాక వచ్చింది?" అని అడుగుతాడు, కడుపుతో ఉన్న మనిషిని ఎన్నో నెల అని అడిగినట్టు. పోలిక చెప్పే మాటలకే అందులో పద్నాలుగు పేజీలు పోయాయి. సేమ్, సిమిలర్, అలైక్, ఐడెంటికల్, ఈక్వల్, ఈక్వివలెంట్, రిసెంబుల్, చివర కరెస్పాండ్. కరెస్పాండ్ అంటే రూపం ఒకటి కాకపోయినా ఒకదానికొకటి సరిగ్గా అమరడం, తాళానికి చెవి అమరినట్టు. అయితే తాళమూ చెవీ మరీ ఇంటి సామాను అనిపించి, అంతకంటే గొప్ప ఉదాహరణ దొరక్కపోతుందా అని నాలుగు గీతలు ఖాళీ వదిలాడు. ఒక ఏడు అర్ధ సంవత్సరపు పరీక్షలో సేమ్‌కీ సిమిలర్‌కీ తేడా రాయమంటే ఒకడు బోత్ ఆర్ సేమ్ అని రాశాడు. సున్నా వేసి ఆ పేపరు స్టాఫ్ రూములో చదివి వినిపించాడు. నవ్వారు. మరుసటి ఏడూ వినిపించాడు, ఆ పై ఏడూ వినిపించాడు. మొదట నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే రిటైరయ్యారు గానీ ఆ పేపరు రిటైరు కాలేదు. సేమ్ అంటే అదే, సిమిలర్ అంటే అలాంటిదే, ఇంత చిన్న సంగతి తేల్చుకోలేనివాడు రేపు బతుకులో ఏం తేల్చుకుంటాడు అని సారు అడిగేవాడు. ఇప్పుడు గేటు బయట చింతచెట్టు కింద స్టాండు వేసి ఉన్న ఆకుపచ్చ సైకిల్ వైపు ఆయన చూడలేదు. చూడకుండా ఉండడానికి మెడ కొంచెం పక్కకు తిప్పి కూర్చోవలసి వచ్చింది.

ఇంట్లో భార్య భద్రమ్మ పద్ధతి వేరు. ఆమెకు ఇంగ్లీషు రాదు గనక తేడాలన్నీ తెలుసు. కాలనీలో పన్నెండు క్వార్టర్లూ ఒకే అచ్చు, పన్నెండింటికీ అవే నీలం తలుపులు. కొత్తలో సారు రెండుసార్లు బడి నుంచి వచ్చి కిషన్ రావు ఇంట్లో చెప్పులు విడిచి, కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు తెమ్మన్నాడు. రెండోసారి ఆ ఇల్లాలు టీ కూడా ఇచ్చింది. టీ బాగుండడంతో ఆయనకు అనుమానం వచ్చి లేచాడు. నోటుబుక్కులో అలైక్ కింద క్వార్టర్ల సంగతి రాసుకున్నాడు, టీ సంగతి రాసుకోలేదు. స్టీలు గిన్నెలు మాత్రం ఏ ఇంటివైనా ఒకటే, అటువి ఇటు ఇటువి అటు పోతాయి గనక భద్రమ్మ ప్రతిదాని మీదా చుక్కల మిషనుతో పేరు కొట్టించింది, చెంచాలతో సహా. అదే మిషనువాడితో సైకిల్ చైను కవరు మీద కూడా కొట్టిద్దామంటే సారు ఒప్పుకోలేదు. పేరున్న సైకిల్ పాలాయనకు ఉంటుంది, పోస్టుమాన్‌కు ఉంటుంది, గెజిటెడ్ హోదా రేపో మాపో రాబోయే మనిషికి ఉండదు. ఫ్రేము మీద నంబరైతే ఉండేది. కానీ దసరాకు ఆయుధపూజ ముందర సారు స్వహస్తాలతో సైకిల్‌కు ఆకుపచ్చ రంగు వేసేవాడు, తొమ్మిది దసరాలకు తొమ్మిది పూతలు, నంబరు పునాదిలోకి పోయింది. అట్లా ఆ ఇంట్లో చెంచాకు పేరుంది, సైకిల్‌కు లేదు. పోయిన శ్రావణంలో మాచింగ్ జాకెట్ ముక్క కోసం, చీర కొంగులోంచి పీకిన పోగును సిగరెట్ డబ్బా రేకులో చుట్టి జేబులో పెట్టుకుని, ఆయన చౌరస్తాలో ఎనిమిది దుకాణాలు తిరిగాడు. భద్రమ్మ ప్రతి ముక్కనూ వాకిట్లో ఎండకు పట్టి చూసి "ఇది అసొంటిదే. గది కాదు" అని నాలుగుసార్లు వెనక్కి పంపింది. అంతటి మనిషి, సైకిల్ దొరికి ఇంటికి వచ్చిననాడు, కొబ్బరికాయ పట్టుకుని బయటికి వచ్చి, దాన్ని కింది నుంచి పైకి ఒకసారి చూసి, మొగుడి ముఖం ఒకసారి చూసి, ఏమీ అనకుండా కాయ కొట్టింది. ఆ ఏమీ అనకపోవడం ముప్పై అయిదు రోజులుగా ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతోంది.

"సారూ, గా సైకిల్ ఎవలది?"

అడిగింది బల్ల చివర నేల మీద కూర్చున్న ఒకామె. నలభై లోపే ఉంటుంది. ఒళ్ళో గుడ్డలో మూటగట్టిన గిన్నె. ఎంతసేపటి నుంచి ఉందో సారు గమనించలేదు.

"నాదే," అన్నాడు సారు. ఏ ప్రశ్నకైనా ముందు గొంతు సవరించుకునే మనిషి, దీనికి సవరించుకోలేదు.

ఆమె మళ్ళీ చింతచెట్టు వైపు చూసింది. క్యారియర్‌కు చుట్టి ఉన్న నీలం నైలాను తాడు వైపు చూసింది. సారు చేతి గడియారం, ఇస్త్రీ చొక్కా, కాళ్ళకున్న బాటా చెప్పులు కూడా వరసగా చూసింది. "మా ఇంటాయినకు గూడ అసొంటిదే ఉండె," అంది.

అంతలో సత్యనారాయణ గేటు కన్నంలోంచి అరిచాడు. "యాకయ్య మనిషి ఎవలు? చిలుకమ్మనా? ఇయ్యాల పరేడ్ ఉన్నదమ్మా, ములాఖత్ బంద్. వచ్చే ఐతారం రా పో."

"రఘునాథపల్లి కాడికెళ్లి పొద్దుగాల బస్సుకొచ్చిన సారూ. జొన్నరొట్టెలు, గింత తొక్కు. గివన్న ఇయ్యుండ్రి."

"పరేడ్ అయినంక జూద్దాం తియ్యి. జర సందియ్యి."

ఆమె సందిచ్చింది. మూట పట్టుకుని చింతచెట్టు కిందికి పోయి, సైకిల్‌కు మూరెడు దూరంలో కూర్చుంది. ముట్టుకోలేదు. ఎవరిదో సైకిల్ గనక. వెంకట్రాజం సారు ఆమె అన్న మాటను పక్కకు పెడదామని చూశాడు, అది పోలేదు. అదే అనలేదామె. అసొంటిదే అంది. తప్పు పేపరు దిద్దే అలవాటు కొద్దీ అక్కడే ఆగాడు. ఆమెకు తేడా తెలియక అన్న మాట కాదది. తెలిసే అంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న సారు నాదే అన్నాక, అదే అంటే ఆయన్ను దొంగ అన్నట్టవుతుంది, అది బాగుండదు, అందుకని మర్యాదకు ఒక మెట్టు దిగి అలాంటిదే అంది. పద్నాలుగు పేజీల్లో ఎక్కడా ఈ సంగతి లేదు. ఒకే వస్తువుకు చిన్నవాళ్ళు ఒక మాట, పెద్దవాళ్ళు ఒక మాట వాడతారని.

అసలు దొంగను చూశాడా అంటే చూశాడు. కూరగాయల మార్కెట్ ముందర, వంకాయల సంచీతో బయటికి వచ్చేసరికి ఆకుపచ్చ సైకిల్ మీద ఒక వీపు పోతోంది. మూల తిరిగేటప్పుడు వీపు పైన తల కొంచెం తిరిగింది. అంతే. కళ్ళజోడు జేబులో ఉంది. జోడు పెడితే ముసలాయనలా ఉంటున్నారని కిషన్ రావు ఒకసారి అన్నప్పటి నుంచి అది నలుగురిలో జేబులోనే ఉంటోంది. కానీ సైకిల్ పోగొట్టుకున్న మనిషిని పలకరించడానికి పదకొండిళ్ళ వాళ్ళు వచ్చారు, వచ్చినవాళ్ళు దొంగ ఎట్లా ఉన్నాడని అడిగారు, వీపులా ఉన్నాడని చెబితే టీ తాగినంతసేపైనా మాట సాగదు. మొదటి ఇంటివాళ్ళకు వాడు పొడుగు. మూడో ఇంటివాళ్ళకు గళ్ళ చొక్కా వచ్చింది. కిషన్ రావు వచ్చి, "మొఖం మీద ఏమన్న గుర్తు వట్టిన్రా సార్? పోలీసోళ్ళు గదే అడుగుతరు" అనేసరికి ఎడమ చెంప మీద పులిపిరి మొలిచింది. రాత్రి అన్నాల వేళకు అది కందిగింజంత అయింది. మర్నాడు సారు ఫిర్యాదు ఇంగ్లీషులో రెండు పేజీలు స్వయంగా రాసి పట్టుకుపోయాడు. నేరస్థుణ్ణి అనుమానపు నీడ కూడా లేకుండా గుర్తించగల స్థితిలో ఉన్నానన్నది చివరి వాక్యం. అది తొమ్మిదో తరగతి నమూనా ఉత్తరాల్లోది. బాగుందని రాశాడు, నిజమని కాదు. ఎస్సై చదివి, సార్ ఇంగ్లీష్ బహుత్ హెవీగ ఉన్నదని మెచ్చుకున్నాడు. పదకొండో రోజున, వరంగల్ జిల్లాలో ఆకుపచ్చ సైకిల్ ఉండి, రసీదు లేక, చెంప మీద ఏదో ఒకటి ఉన్న మొదటి మనిషి కాశిబుగ్గ దగ్గర దొరికాడు.

స్టేషనుకు కబురు పెట్టి సైకిల్ చూపించి, ఇదేనా సార్ అన్నారు. కళ్ళజోడు జేబులోనే ఉంది. పక్కన కిషన్ రావు ఉన్నాడు, సాక్షి సంతకానికి వచ్చాడు, మరో రెండిళ్ళ వాళ్ళు చూడ్డానికి వచ్చారు. ఇన్ని నోళ్ళ ముందు ఆలోచించి చెబుతాననడం ఇంగ్లీషు మాస్టారుకు బాగుంటుందా? ఇదే, అన్నాడు. కోర్టు అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని కాగితం మీద సంతకం పెట్టి ఎక్కి వచ్చేశాడు. ఆ దారిలోనే కాళ్ళకు తెలిసింది. సీటు ఎత్తుగా ఉంది, వేళ్ళ చివర్లతో తొక్కాలి. పాత సైకిల్ ఎడమ పెడల్ తిరిగిన ప్రతిసారీ కుయ్యిమనేది, ఇది అనడం లేదు. దొంగ నూనె వేసి ఉంటాడు, మంచి దొంగ అనుకున్నాడు. గంట మోత వేరు. గంట మార్చి ఉంటాడు. దొంగ మీద గౌరవం రోజురోజుకూ పెరిగింది. నాలుగో రోజున సీటు దించమని గౌస్ పాషా దుకాణానికి తీసుకుపోయాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన సైకిల్‌కు పంక్చర్లు వేసేవాడు గౌస్ పాషానే. పానా పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఉండి, పెడల్‌ను ఒకసారి వేలితో తిప్పి, లేచాడు.

"సార్, జర బురా అనుకోకుండ్రి. గిది మీ బండి లెక్కనే ఉన్నది. గని మీ బండి కాదు."

"రంగు జూడు పాషా."

"రంగు దునియాల అందరు ఏసుకుంటరు సార్. గీ ఎడమ పెడల్ జూడుండ్రి. బయటి అంచుకే అరిగింది, ఇనుము తేలింది, లోపల రబ్బరు కొత్తదాని లెక్క ఉన్నది. గీ బండి గలాయన పాదం అంచు మీద ఒరుగుతది. మీ కాలు సాఫ్ ఉన్నది."

"సీటు దించు నువ్వు."

"దించుమంటె దించుత. పానా తిప్పుడు ఎంతసేపు? గని దించినంక ఇగ గిది మీదే అయితది. ఆలోచన జేసుకోండ్రి."

సారు ఆలోచన చేసుకోలేదు. సీటు దించనూ లేదు. సాయంత్రం వస్తానని చెప్పి, ఇప్పటికి ముప్పై ఒక్క సాయంత్రాలు ఆ వీధి మానేసి చుట్టుదారిన పోతున్నాడు, వేళ్ళ చివర్లతో తొక్కుకుంటూ. ఎడమ మోకాలు నొప్పి పుట్టింది. కిషన్ రావు "ఈ నడుమ జర పొడుగైనట్టు కనవడ్తాన్రు సార్" అని నవ్వాడు. స్టేషనుకు పోయి పొరపాటైందని చెప్పవచ్చు. చెప్పాలని రెండుసార్లు ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాడు. కానీ కొబ్బరికాయ కొట్టిన సైకిల్, పదకొండిళ్ళకు పేడా పంచిన సైకిల్, ఇది నాది కాదని ఏ మొహంతో అనాలి? అప్పటికే లోపల ఉన్నవాడికి జామీను ఇచ్చేవాళ్ళు లేరని విన్నాడు. ఎవడో ఒకడు ఇస్తాడులే అనుకున్నాడు. చదువుకున్నవాళ్ళకు ఈ ఎవడో ఒకడి మీద గొప్ప నమ్మకం. ఈ రోజు ఉదయం ఇదే సైకిల్ ఎక్కి జైలుకు వస్తూ, ఎవరికీ ఏమీ కానీయని మాట ఒకటి తయారు చేసుకున్నాడు. వీళ్ళలో ఒకడు దొంగను కొంతవరకు పోలి ఉన్నాడు గానీ అదే మనిషి అని చెప్పలేను. ఇంగ్లీషులో రిసెంబుల్ వాడితే ఇంకా మెత్తగా ఉంటుంది. అబద్ధం కాదు. నిజమూ కాదు. రెండింటికీ సిమిలర్. ఎవరికీ ఏమీ కాదు అన్నప్పుడు ఆ ఎవరిలో ముందు వరసలో ఉన్నది తనేనని, షెడ్డులో కూర్చున్న ఈ గంటలో మూడుసార్లు తట్టింది. మూడుసార్లూ వాచీ చూసుకున్నాడు. చింతచెట్టు కింద ఆమె మూట విప్పి, రొట్టె ఎండిపోకుండా గుడ్డను మళ్ళీ గట్టిగా కట్టింది.

"మైద అంటింది సార్. రాండ్రి," అన్నాడు సత్యనారాయణ.

లోపల వేపచెట్టు నీడన పదిమంది వరసగా నిలబడి ఉన్నారు. అందరి ఎడమ చెంపల మీదా తెల్ల కాగితం, గడ్డం గీసుకుంటూ ఒకే చోట తెగిన అన్నదమ్ముల్లాగా. గళ్ళ చొక్కా ఎవరిదో తెలియకుండా అందరికీ భుజాల మీంచి మోకాళ్ళ దాకా జైలు కంబళ్ళు. మేజిస్ట్రేటు కుర్రవాడే, మెడ మీద చెమట తుడుచుకుంటూ, "మాస్టారూ, మీ సైకిల్ ఎత్తుకుపోయిన మనిషి వీళ్ళల్లో ఉంటే భుజం ముట్టుకుని చూపించండి. తొందరేం లేదు" అన్నాడు. పక్కన గుమస్తా ఫారం పట్టుకుని ఉన్నాడు. సారు కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. రెండు నెలల్లో నలుగురి ముందు పెట్టుకోవడం ఇదే. జోడు పెట్టుకోగానే సిమిలర్‌గా ఉన్నవాళ్ళు సిమిలర్‌గా లేకుండా పోయారు. ఒకడి ముక్కు వంకర, ఒకడు ఆవులింత ఆపుకుంటున్నాడు, ఒకడికి ఆ కాగితం సంగతికి నవ్వొస్తోంది. వీపు ఒక్కటే చూసినవాడికి పది ముఖాలు ఎందుకు చూపిస్తున్నారో ఆయనకు అర్థం కాలేదు. తయారు చేసుకున్న మాట నోట్లో సిద్ధంగా ఉంది. అప్పగించేసి పోదామని తల దించాడు. ముఖాలకు కాగితాలు అంటించారు, ఒళ్ళంతా కంబళ్ళు కప్పారు, కాళ్ళ సంగతి ఎవరికీ తోచలేదు. ఇరవై పాదాలు వట్టి మట్టి మీద ఉన్నాయి. పంతొమ్మిది సాపుగా ఉన్నాయి. ఎడమ నుంచి ఏడోవాడి ఎడమ పాదం మాత్రం లోపలి వైపు లేచి, బయటి అంచు మీద ఒరిగి నిలబడింది. అంచు వెంబడి కాయ కాసిన గీత, వేలెడు పొడుగున. ఆ గీత సారుకు తెలుసు. ముప్పై అయిదు రోజులుగా పొద్దునా సాయంత్రం చెప్పు కింద తగులుతున్నది అదే. పాదం పెడల్‌లా ఉండదు, పెడల్ పాదంలా ఉండదు, ఒకటి ఇనుము, ఒకటి చర్మం. నోటుబుక్కులో నాలుగు గీతల ఖాళీ ఎందుకో ఒకసారి కళ్ళ ముందు మెరిసి పోయింది. ఏడోవాడు పొడుగ్గా ఉన్నాడు. ఆ ఎత్తుకు ఆ సీటే కావాలి.

సారు నడిచిపోయి ఏడోవాడి భుజం మీద చెయ్యి వేశాడు. కంబళి కింద భుజం ఒక్కసారి బిగుసుకుంది.

"ఈయనేనా సార్, సైకిల్ ఎత్తుకుపోయింది?" అన్నాడు మేజిస్ట్రేటు. గుమస్తా కలం ఫారం మీద ఆనింది.

"కాదు సార్," అన్నాడు వెంకట్రాజం సారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన ఇంత చిన్న తరగతికి ఇంత నెమ్మదిగా చెప్పలేదు. "ఎత్తుకవోయింది నేను. సైకిల్ ఈయినది."

మేజిస్ట్రేటు చేతి రుమాలు మెడ దగ్గరే ఆగిపోయింది. గుమస్తా ఫారాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "సార్, గీ కాయితంల గుర్తువట్టిండు, గుర్తువట్టలే అని రెండే గళ్ళున్నయి. ఏ గళ్ళ రాయాలె?" అన్నాడు. సారు చెయ్యి ఇంకా ఆ భుజం మీదే ఉంది, తీయడం ఎట్లాగో తెలియక. బయట కిషన్ రావు, పదకొండిళ్ళు, భద్రమ్మ, పేడా, కొబ్బరికాయ అన్నీ వరసగా నిలబడి ఉన్నట్టు అనిపించింది, అన్నింటి చెంపల మీదా ఒకే కొలత కాగితం.

ఏడోవాడు, యాకయ్య, అప్పటిదాకా ఎదురుగా గోడనే చూస్తున్నవాడు, మెల్లగా ముఖం తిప్పాడు. మైదా ఎండి చెంప మీద కాగితం ఒక కొస లేచి గాలికి ఆడుతోంది. సారు ముఖం చూశాడు, తర్వాత ఆయన కాళ్ళ పొడుగు చూశాడు.

"సారూ," అన్నాడు గొంతు తగ్గించి, "సీటు దించలే గద?"

"దించలే," అన్నాడు సారు.